చెరకు ఒక్కటే, కౌలు వేరు

మారిషస్‌నూ ఫిజీనీ పక్కపక్కన పెట్టి రాసేవాళ్లు సాధారణంగా ఒకే కథ చెబుతారు. రెండూ చెరకు దీవులు. రెండింటికీ ఇంగ్లీషువాళ్లు మనవాళ్లను కూలీలుగా ఓడలెక్కించారు. మొదటిది అందరూ కలిసిమెలిసి ఉండి బాగుపడింది, రెండోది జాతుల కొట్లాటలో పడి వెనకబడింది. చదవడానికి నీతికథలా బాగానే ఉంటుంది. అయితే ఈ కథలో ఓడలున్నాయి, నాయకులున్నారు, చెరకు పండిన నేల మాత్రం కనబడదు. ఆ నేల ఎవరి పేర ఉందో వెతికితే మంచివాళ్ల దీవి, చెడ్డవాళ్ల దీవి అన్న విభజన నిలబడదని నా అభిప్రాయం.

సర్ ఆర్థర్ గోర్డన్‌తో మొదలుపెట్టాలి. బ్రిటన్ ప్రధానిగా చేసిన లార్డ్ అబర్డీన్ కొడుకు. 1871లో మారిషస్‌కు గవర్నరుగా వచ్చాడు. వచ్చిన కొద్ది నెలలకే అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని ఒక అర్జీ తెచ్చి చేతిలో పెట్టాడు. 9,401 మంది పాత కూలీలు పెట్టుకున్న మొర అది. వీళ్లంతా ఒప్పందం గడువు తీరి, చట్టం లెక్కలో స్వతంత్రులైనవాళ్లు. ఆ స్వాతంత్ర్యం ఏపాటిదంటే, 1867 నాటి చట్టం ప్రకారం ప్రతివాడూ తన ఫొటో అంటించిన టికెట్టు ఒంటిమీద పెట్టుకునే తిరగాలి. పోగొట్టుకుంటే రుసుము కట్టి కొత్తది తెచ్చుకోవాలి. తన జిల్లా దాటినప్పుడు పోలీసు ఆపి అడిగితే, చూపించలేనివాడు దేశదిమ్మరి కింద జైలుకు పోవాల్సిందే. గోర్డన్ ఆ అర్జీని మూలన పడేయలేదు. లండన్ నుంచి రాయల్ కమిషన్ వచ్చింది, తోటల్లో జరిగేదంతా రాసుకుంది. నివేదిక అచ్చయ్యేసరికి 1875 వచ్చింది, గోర్డన్ అప్పటికే ఫిజీ గవర్నరు.

ఫిజీలో ఆయన చూసింది వేరే దృశ్యం. 1874 అక్టోబరు 10న అక్కడి పెద్దలు దీవులను బ్రిటిష్ రాణికి అప్పగించారు. ఆ వెంటనే, వాళ్లలో ముఖ్యుడైన థాకొంబావు సిడ్నీ వెళ్లొచ్చిన ఓడలో తట్టు దిగింది. కొన్ని నెలల్లోనే సుమారు 40,000 మంది పోయారని అంచనా, అంటే జనాభాలో నాలుగో వంతుకు అటూఇటూ. ఇక మిగిలినవాళ్లను తోటల్లోకి తోలితే జాతే మిగలదని గోర్డన్ భయపడ్డాడు. అందుకే రెండు కట్టుబాట్లు పెట్టాడు. స్థానికుల భూమి అమ్మడానికి వీల్లేదు, స్థానికులు తోటల్లో కూలికి పోనక్కర్లేదు. మరి చెరకు ఎవరు నరకాలి? మారిషస్‌లో ఎవరు నరికారో వాళ్లే. 1879 మే 14న లియోనిడాస్ ఓడ కలకత్తా నుంచి మొదటి గిర్మిట్ కూలీలను, అంటే ఒప్పంద కూలీలను, లెవుకా రేవుకు చేర్చింది. ఫొటో టికెట్టును కళ్లారా చూసిన మనిషి, ఆ టికెట్టు మోసినవాళ్ల దేశస్థులనే మళ్లీ పిలిపించాడు. ఒకరిమీది దయకు ఇంకొకరి వీపు ఆసరా అయింది. దీన్ని ద్వంద్వ నీతి అని తేల్చేయడం తేలికే. కానీ ఆ చట్టమే లేకపోతే ఫిజీ మూలవాసులకు హవాయి వాళ్లకు పట్టిన గతే పట్టేదన్నది కూడా అంతే నిజం.

భూగోళం సంగతి. మారిషస్ ప్రధాన దీవి 1,865 చదరపు కిలోమీటర్లు, మన జిల్లాల్లో చిన్నవాటి పాటి. చల్లారిపోయిన అగ్నిపర్వతం, చుట్టూ పగడపు దిబ్బల కంచె, మధ్యలో క్యూర్‌పీప్ వైపు ఎప్పుడూ తడితడిగా ఉండే పీఠభూమి. పొద్దున ఏ మూల బయల్దేరినా మధ్యాహ్నానికి ఇంకో మూల తేలొచ్చు. అక్కడి చెరకు తోటల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేవి నల్లరాతి గుట్టలు. పొలం మధ్యలో, గుడి గోపురం అడుగుభాగంలా మెట్లు మెట్లుగా పేర్చిన రాళ్లు. అవి వాటంతట అవి వచ్చినవి కావు. లావా నేలను సాగులోకి తేవడానికి ముందు బానిసలు, తర్వాత కూలీలు ఒక్కో రాయీ ఏరి పేర్చినవి. ఆ దీవి ఆర్థిక చరిత్రకు అంతకన్నా నమ్మకమైన పత్రం లేదు.

ఫిజీ అలా కాదు. మూడు వందలకు పైగా దీవులు, వాటిలో మనుషులుండేవి సుమారు 110. మొత్తం నేల 18,270 చదరపు కిలోమీటర్లు, మారిషస్ ప్రధాన దీవికి దాదాపు పది రెట్లు. జనాభా మాత్రం 2017 లెక్కల్లో 8,84,887, మారిషస్ కన్నా తక్కువ. వితి లేవు దీవిలో తూర్పున రాజధాని సువా వైపు వానలు, పడమట నాంది, లౌతోకా, బా వైపు పొడినేల. చెరకు ఆ పొడి వైపునే. ఇప్పటికీ అక్కడ బుల్లి పట్టాల మీద చెరకు బండ్లు నడుస్తాయి, సీజన్‌లో లారీలు మిల్లు గేటు దగ్గర గంటల తరబడి వరస కడతాయి. చెరకు పండే పడమర, పాలించే తూర్పు అన్న చీలిక ఫిజీ రాజకీయాల్లో మొదటినుంచీ ఉంది. భారతీయులు, మూలవాసులు అన్న చీలిక ఒక్కటే చూసేవాళ్లకు ఇది తప్పిపోతుంది.

ఇక నేల దగ్గరికి వద్దాం. మారిషస్‌లో అసలు స్వదేశీయులే లేరు. డచ్చివాళ్లు, తర్వాత ఫ్రెంచివాళ్లు, 1810లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. నేలంతా దొరల ఎస్టేట్లే. కానీ 1880ల్లో బీట్ చక్కెర దెబ్బకు ధర పడిపోయింది, దొరలకు చేతిలో డబ్బాడలేదు. ఎస్టేటు అంచున ఉన్న రాతినేలను ముక్కలు చేసి అమ్మేశారు. కొన్నది ఎవరు? కూలీలపై మేస్త్రీలుగా ఉన్న సర్దార్లు, పాత కూలీలు. 1920ల నాటికి చెరకు భూమిలో మూడో వంతుకు తక్కువ కాకుండా భారతీయుల చేతిలో ఉంది. మంచినేల, మిల్లు దొరలవే. చిన్నరైతు తన చెరకు మళ్లీ ఆ దొర మిల్లుకే తోలాలి. అయినా పట్టా పట్టాయే. తాకట్టు పెట్టొచ్చు, అమ్మి కొడుకును లండన్ పంపొచ్చు, కూతురి పేర రాయొచ్చు. టీచర్లు, వకీళ్లు, డాక్టర్లు ఆ ముక్కల్లోంచే మొలిచారు. ఓటుహక్కు వచ్చేసరికి వీళ్లు అడిగింది భూమి కాదు. ఉద్యోగాలు, బడులు, పింఛన్లు. వీటన్నిటినీ బేరమాడుకోవచ్చు.

ఫిజీలో ఇప్పటికీ నూటికి 80 ఎకరాలకు పైగా మూలవాసులైన ఇతౌకేయి తెగల ఉమ్మడి సొత్తు, మతంగాలి అనే వంశాల పేర. కొనడం కుదరదు, కౌలుకు తీసుకోవడమే. మిల్లులన్నీ ఒకప్పుడు ఆస్ట్రేలియా కంపెనీ కాలనియల్ షుగర్ రిఫైనింగ్‌వి. గిర్మిట్ 1920లో రద్దయ్యాక కంపెనీ తన తోటలను పదెకరాల లెక్కన ముక్కలు చేసి భారతీయులకు కౌలుకిచ్చింది. 1940 నుంచి వంశాల భూమిని కౌలుకిచ్చే పని ఒక బోర్డు చూసుకుంటోంది. 1976 చట్టం కౌలు గడువును 30 ఏళ్లుగా ఖాయం చేసింది. అప్పటికే 1966 నాటి చట్టం కింద తీసుకున్న కౌళ్లు 1997 నుంచి వరసగా తీరిపోవడం మొదలైంది. తాత బాగుచేసిన పొలం, తండ్రి కట్టిన ఇల్లు, పెరట్లో కొబ్బరిచెట్లు అన్నీ అలాగే ఉంటాయి, కాగితం గడువు మాత్రం తీరిపోతుంది. మనదగ్గర కౌలు రైతు సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క తేడా ఏమిటంటే, ఇక్కడి భూస్వామి సంపన్నుడు. అక్కడి భూస్వామి తరచూ కౌలుదారు కన్నా పేదవాడు. తన నేల మీద ఇంకొకడు ట్రాక్టరు కొంటుంటే అతనికీ మండుతుంది. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరి న్యాయానికీ ఒకే పొలం.

అందువల్లే ఫిజీలో ప్రతి ఎన్నికా ఈ నేల ఎవరిదన్న ప్రశ్న దగ్గరికే వెళ్లి ఆగేది. రైతులకూ కంపెనీకీ మధ్య తగాదా తీర్చడానికి 1969లో బ్రిటిష్ న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ మధ్యవర్తిగా వచ్చి, చక్కెర రాబడిలో 65 శాతం రైతుకే చెందాలని తీర్పిచ్చాడు. రైతుల గెలుపే. కంపెనీ మాత్రం ఈ లెక్కన గిట్టుబాటు కాదని 1973లో మూటముల్లె సర్దుకుంది, మిల్లులు ప్రభుత్వం నెత్తిన పడ్డాయి. కంపెనీ ఉన్నన్నాళ్లూ కౌలుదారుకూ భూస్వామికీ ఉమ్మడి శత్రువు ఒకడుండేవాడు. అతను పోయాక ఇద్దరే ఎదురెదురుగా మిగిలారు.

మారిషస్ ఆర్థిక వ్యవస్థ గురించి పొగడ్తలు చాలానే అచ్చయ్యాయి, వాటికి నేను మళ్లీ తోడవను. 1961లో జేమ్స్ మీడ్, తర్వాత నోబెల్ వచ్చిన ఆర్థికవేత్తే, ఈ దీవికి జనం ఎక్కువ, పని తక్కువ అని దిగాలు నివేదిక రాశాడు. 1972లో రచయిత నైపాల్ ఇంకా చేదు వ్యాసం రాశాడు. ఇద్దరి జోస్యమూ తప్పింది. ఎందుకు తప్పిందన్నది ముఖ్యం. 1970లో ఎగుమతి పరిశ్రమలకు చట్టం తెచ్చారు. 1975లో యూరప్ చక్కెర ఒప్పందంలో మారిషస్‌కు సుమారు 5 లక్షల టన్నుల కోటా దక్కింది, అన్ని దేశాల్లోకీ పెద్ద వాటా అదే. ప్రపంచ ధర కన్నా ఎక్కువ పెట్టి యూరప్ కొంది. ఆ లాభంలో కొంత దొరల చేతిలోంచి, హాంకాంగ్ పెట్టుబడితో కలిసి, బట్టల ఫ్యాక్టరీల్లోకి పోయింది. చెరకు తోటలో కూలికి పోయిన అమ్మ కూతురు కుట్టుమిషన్ ముందు కూర్చుంది. అదే ఒప్పందంలో ఫిజీకి కూడా మంచి కోటాయే వచ్చింది, మారిషస్ తర్వాత పెద్దవాటిల్లో ఒకటి. ఫిజీ కూడా 1987 తర్వాత పన్నుల్లేని ఫ్యాక్టరీలు పెట్టి ఆస్ట్రేలియాకు చొక్కాలు కుట్టింది. అంటే వంటకం ఒకటే. అయితే ఫిజీలో గడువున్న కౌలు మీద సంపాదించినవాడు ఆ సొమ్మును దేశంలో పాతిపెట్టడానికి జంకాడు. పిల్లల చదువు మీద, వీసా మీద పెట్టాడు.

చక్కెర రెండుచోట్లా పడిపోయిందని గుర్తుంచుకోవాలి. 1970ల్లో 7 లక్షల టన్నులు తాకిన మారిషస్ ఇవాళ అందులో మూడో వంతు దగ్గరుంది, పనిచేసే మిల్లులు మూడే. 1990ల నడుమ 5 లక్షల టన్నులు తీసిన ఫిజీకి ఈమధ్య 2 లక్షలు అందడమే గగనం. చెరకు వదిలిన మారిషస్ పిల్లవాడు హోటల్లో, బ్యాంకులో, ఫ్యాక్టరీలో తేలాడు. చెరకు వదిలిన ఫిజీ పిల్లవాడు ఆక్లండ్‌లో, సిడ్నీలో తేలాడు. 1986లో ఫిజీ జనాభాలో సగం దాకా ఉన్న భారతీయులు 2007 లెక్కలకు 37.5 శాతానికి తగ్గారు.

మారిషస్ బ్యాంకుల మాటెత్తాం కాబట్టి ఒక సంగతి. 1982లో మనదేశంతో కుదిరిన పన్ను ఒప్పందం పుణ్యమా అని చాలా ఏళ్లపాటు భారత్‌కు వచ్చే విదేశీ పెట్టుబడిలో మొదటి స్థానం ఈ చిన్న దీవిదే. డబ్బు దీవిది కాదు, పోర్ట్ లూయీలో ఒక చిరునామా మాత్రం దీవిది. మన ఖజానాకు రావాల్సిన పన్ను అక్కడి గుమాస్తాల జీతాలైంది. 2016లో ఒప్పందం మార్చేదాకా ఈ పద్ధతి సాగింది. మారిషస్ ఎదుగుదలను 'అద్భుతం' అని రాసేవాళ్లు ఆ అద్భుతంలో కొంత ఖర్చు మనం భరించామని కూడా రాస్తే బాగుండేది.

ప్రభుత్వం దగ్గరికి వస్తే పోలిక ఇంకా పదునెక్కుతుంది. 1987 ఏప్రిల్ ఎన్నికల్లో తిమోథి బావంద్ర కూటమి గెలిచింది. బావంద్ర స్వయంగా ఇతౌకేయి, పడమటి వైపు డాక్టరు. కూటమి ఎంపీల్లో భారతీయులు ఎక్కువ. నెల తిరిగేసరికి, మే 14న, లెఫ్టినెంట్ కల్నల్ సితివేని రంబూకా సైనికులతో పార్లమెంటులోకి నడిచాడు. లియోనిడాస్ లంగరు వేసిన తేదీ కూడా మే 14 కావడం కాకతాళీయమే కావచ్చు, చాలామంది ఫిజీ భారతీయులు దాన్ని కాకతాళీయంగా తీసుకోలేదు. సెప్టెంబరులో మళ్లీ ఒక సైనిక కుట్ర. 1999లో మహేంద్ర చౌధురి తొలి భారతీయ ప్రధాని అయ్యాడు. ఏడాది నిండిన రోజునే, 2000 మే 19న, జార్జ్ స్పేట్ ముఠా ఆయన్ను బందీ చేసి 56 రోజులు ఉంచింది. 2006 డిసెంబరులో సైన్యాధిపతి బైనిమరామా దించింది మాత్రం ఒక ఇతౌకేయి ప్రధానినే. ఆ చివరిదాన్ని జాతి కొట్లాట కథలో ఇరికించలేం. సైన్యం ఉన్నచోట సైన్యమే ఒక పార్టీ అవుతుందన్నది అక్కడి పాఠం. లెబనాన్‌లో, సినాయ్‌లో శాంతిరక్షణ చేసి జీతం తెచ్చుకున్న ఆ సైన్యం దాదాపు మొత్తం ఇతౌకేయిలదే.

మారిషస్‌కు సైన్యమే లేదు. పోలీసు కింద స్పెషల్ మొబైల్ ఫోర్స్ ఉంది, అంతే. 1968లో స్వాతంత్ర్యానికి ముందు పోర్ట్ లూయీలో మతాల కొట్లాట రేగితే బ్రిటిష్ సైనికులను పిలిపించాల్సి వచ్చింది. అంటే కొట్టుకోని దేశం కాదది. 1971లో అత్యవసర పరిస్థితి పెట్టారు, 1976 దాకా ఎన్నికలే లేవు. 1999లో కాయా అనే గాయకుడు పోలీసు లాకప్‌లో చనిపోతే క్రియోల్ పేటలు మండాయి. ఇన్ని జరిగినా టీవీ స్టేషన్‌లోకి ట్యాంకు రాకపోవడానికి కారణాల్లో మొదటిది, ట్యాంకు లేకపోవడం.

రాజ్యాంగాన్ని కాగితం మీద తూస్తే మాత్రం, నన్నడిగితే, ఈరోజు ఫిజీదే ఎన్నికల లెక్క నిక్కచ్చిగా ఉంది. దేశమంతా ఒకే నియోజకవర్గం, 5 శాతం దాటిన ప్రతి పార్టీకీ ఓట్లకు తగ్గ సీట్లు, జాతివారీ సీట్లు లేవు. 2022లో 55 మంది సభలో 28-27 తేడాతో రంబూకా, అదే రంబూకా, ప్రధాని అయ్యాడు. 2023 మే 14న పాత కుట్రకు బహిరంగంగా క్షమాపణ అడిగాడు. మారిషస్‌లో 2024 నవంబరులో తొలి ప్రధాని రామ్‌గులామ్ కొడుకు కూటమి సుమారు 60 శాతం ఓట్లతో ప్రధాన దీవిలోని 60 సీట్లూ ఊడ్చేసింది. ఇది మొదటిసారి కూడా కాదు, 1982లోనూ 1995లోనూ ఇంతే. ఓడింది మరో మాజీ ప్రధాని జగన్నాథ్ కొడుకు. ఎన్నికల ముందు ఫోన్ సంభాషణలు బయటపడుతుంటే ఆ ప్రభుత్వం సోషల్ మీడియా మొత్తం మూసేయమని ఆదేశించి, మర్నాడు నాలుక కరుచుకుంది. ఇలా ఊడ్చేసినప్పుడు ప్రతిపక్షానికి సభలో చోటు దొరికేది ఎక్కువగా 'బెస్ట్ లూజర్' పద్ధతిలో. హిందువులు, ముస్లింలు, చైనీయులు, మిగతావాళ్లు అని నాలుగు పద్దులు, 1972 జనాభా లెక్కల ప్రకారం. అర శతాబ్దం దాటిన లెక్కలు! తెలుగువాళ్లు, తమిళులు, మరాఠీలు అందరూ హిందువుల పద్దులోనే. ఫిజీ కాగితం ఇంత బాగుందని మురిసిపోవడానికి వీల్లేదు. అదే 2013 రాజ్యాంగం 131వ సెక్షన్‌లో దేశ 'సంక్షేమం' బాధ్యత సైన్యం చేతిలో పెట్టింది, కుట్రదారులకు శిక్ష పడకుండా రక్షణ రాసింది.

ఇక తెలుగువాళ్ల సంగతి. కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లినవాళ్ల వారసులకు ఉగాది ప్రభుత్వ సెలవు, బడుల్లో తెలుగు పాఠం, సింహాద్రి అప్పన్నకు రాత్రంతా దీపారాధన. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. మంత్రివర్గం ఏర్పడితే తెలుగువారికి ఎన్ని పదవులని లెక్కపెట్టుకుంటారు. ఫిజీకి 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లిన విశాఖ, గోదావరి జిల్లాల వాళ్లు 1926 నాటి దక్షిణ భారతీయుల సంగంలో తమిళులతో కలిసి నడిచారు, 1941లో విడిగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. బడులు కట్టారు, ఇంట్లో మాత్రం ఫిజీ హిందీ వచ్చి కూర్చుంది. మారిషస్‌లో భాష నిలవడానికి అక్కడివాళ్ల అభిమానమే కారణమని సభల్లో చెబుతారు. పంచేందుకు సీట్లూ పదవులూ ఉన్నచోట భాష ఒక పద్దు అవుతుంది, పద్దు ఉంటే గ్రాంటు వస్తుంది. ఫిజీలో పంపకమంతా రెండు జాతుల మధ్యే, మూడో పేరుకు ఖాళీ లేదు.

చివరగా, మారిషస్‌కు మూలవాసుల సమస్య రాలేదని ముందు అన్నాను. ప్రధాన దీవిలో రాలేదు. రెండు వేల కిలోమీటర్ల అవతల చాగోస్ దీవుల్లో వచ్చింది. 1965లో బ్రిటన్ 30 లక్షల పౌండ్లిచ్చి వాటిని విడగొట్టుకుంది. 1968-73 మధ్య అక్కడి జనాన్ని ఖాళీ చేయించి, ఎక్కువమందిని పోర్ట్ లూయీలో దింపేసింది. వాళ్ల పునరావాసానికని ఇచ్చిన 6,50,000 పౌండ్లు 1970ల మొదట్లోనే మారిషస్ ప్రభుత్వానికి చేరాయి. బాధితుల చేతికి అందింది 1978 ప్రాంతంలో, మారిషస్ రూపాయి విలువ కరిగిపోయాక. 2025 మే 22న కుదిరిన ఒప్పందంలో సార్వభౌమాధికారం మారిషస్‌కు, సైనిక స్థావరమున్న డియెగో గార్సియా దీవి 99 ఏళ్ల కౌలుకు బ్రిటన్‌కు, సగటున ఏడాదికి 10.1 కోట్ల పౌండ్లు. చాగోస్ ప్రజలు ఆ చర్చల్లో పక్షం కాదు. వాళ్ల పేర 4 కోట్ల పౌండ్ల నిధి ఒకటి ఉంటుంది, దాన్ని వాడే అధికారం మారిషస్‌ది. ఫిజీలో 2011 నుంచి కౌలు డబ్బు వంశంలో బతికున్న ప్రతి మనిషికీ, పెద్దలకూ మామూలువాళ్లకూ, సమాన వాటాగా పంచాలి. ఆ నిబంధన డియెగో గార్సియాకు వర్తింపజేస్తే ఆ 10.1 కోట్లు ముందు పోర్ట్ లూయీ పేటలైన కాసిస్‌లో, రోష్ బ్వాలో, ఇంగ్లండ్‌లోని క్రాలీలో ఉన్న చాగోస్ కుటుంబాల ఖాతాల్లో పడాలి. ఒప్పందం ప్రకారం అవి పోర్ట్ లూయీ ఖజానాకు చేరతాయి.